రన్నింగ్ టైము

ఆర్టీసీలో నేను చేసింది బస్సు తోలే పని కాదు, టిక్కెట్లు కొట్టే పనీ కాదు. బస్సుకు టైము కట్టే పని. మదనపల్లె నుంచి పుంగనూరుకు ఎన్ని నిమిషాలు, పుంగనూరు నుంచి పలమనేరుకు ఎన్ని, అక్కణ్నుంచి వి.కోట మీదుగా కుప్పానికి ఎన్ని, పల్లెవెలుగు ఎన్ని ఊళ్ల దగ్గర ఆగాలి, డ్రైవరు టీ తాగడానికి ఎక్కడ ఎంతసేపు ఇవ్వాలి, ఇవన్నీ లెక్కగట్టి షెడ్యూలు రాసేవాణ్ని. దీన్ని మేము రన్నింగ్ టైము అంటాం. గంటకు ఇన్ని కిలోమీటర్లనే మాట మా టేబుళ్ల దగ్గర పెద్దగా వినపడేది కాదు. అది స్పీడోమీటరు ముల్లుకూ, రోడ్డు పక్కన స్పీడు గన్ను పట్టుకుని నిలబడే పోలీసులకూ సంబంధించిన మాట. బస్టాండులో అసలే వినపడదు. కుప్పం బస్సు కోసం వచ్చిన మనిషి "ఎంతసేపు పడతాదన్నా?" అని అడుగుతాడే గానీ, బండి ఎంత వేగంతో పోతాదని అడిగినవాణ్ని నేను చూడలేదు.

రిటైరయ్యాక తీరిక దొరికింది. మా దారుల మీద మనుషులు, ఎద్దులు, దండులు, రైళ్లు ఎంత వేగంగా తిరిగాయో, ఆ వేగాన్ని ఎవరు ఏ కొలతతో లెక్కపెట్టారో వెతకడం మొదలుపెట్టాను. వెతికేకొద్దీ ఒకటి గట్టిగా అనిపించింది. తన పని మీద తాను నడిచిపోయేవాడు వేగాన్ని కొలవలేదు. ఆలస్యమైతే ఇంకొకరికి జవాబు చెప్పుకోవలసిన పని ఎక్కడ పుట్టిందో అక్కడే ఆ కొలతా పుట్టింది.

మా అవ్వది పుంగనూరు పక్క పల్లె. తొలికోడికి లేచి తట్ట నెత్తిన పెట్టుకుంటే చద్దన్నం వేళకు సంతలో ఉంటామనేది. వచ్చేటప్పుడు తట్ట ఖాళీ కాబట్టి అదే దారి ఆమె లెక్కలో పొట్టిది. బరువును కూడా కలుపుకున్న లెక్క అది. దగ్గరైతే కూతవేటు, దూరమైతే కోసు, ఆమడ. కోసంటే రెండు మైళ్లని, ఆమడంటే ఎనిమిది మైళ్లని చెబుతారు గానీ ఊరు మారితే ఆమడ సాగేది, కుదించుకుపోయేది. కుప్పంలో చిక్కు ఇంకా ఎక్కువ. ఒకపక్క కన్నడ సీమ, ఇంకోపక్క తమిళ సీమ. కోలారు వైపు వాడు గావుద అంటాడు, తిరుపత్తూరు వైపు వాడు కాదం అంటాడు, మనవాడు ఆమడ అంటాడు. మూడూ ఒకటి కాదు. అయినా బేరాలేమీ ఆగలేదు. పొద్దు ఎక్కడున్నప్పుడు బయలుదేరితే ఎక్కడున్నప్పుడు చేరతామో చెప్పుకుంటే ముగ్గురికీ సరిపోయేది. రోజుకు 60 ఘడియలు, ఘడియకు 24 నిమిషాలు, జాముకు 3 గంటలు. అంతకంటే సన్నపు లెక్క పంచాంగం చెప్పే అయ్యవారికి కావాలి. బండివాడికి ఎందుకు?

సన్నపు లెక్క మొదట దండులకు కావలసి వచ్చింది. ఆర్కాటు మైదానం నుంచి మైసూరు పీఠభూమి ఎక్కాలన్నా, అక్కణ్నుంచి కిందికి దిగాలన్నా మా చిత్తూరు సీమ కనుమలు ముఖ్యమైన దారి. హైదరాలీ బలం ఫిరంగుల్లో ఎంతో, వాటిని లాగే ఎద్దుల్లోనూ అంతే. తర్వాత అమృతమహల్ అని పేరుపడ్డ జాతి అది. చిదంబరాన్ని ఆదుకోవడానికి హైదరు రెండున్నర రోజుల్లో 100 మైళ్లు పోగలిగాడంటే ఈ ఎద్దుల చలవేనని ఇంగ్లీషువాళ్లే రాసుకున్నారు. రోజుకు 40 మైళ్లన్నమాట. మామూలు బండెద్దు గంటకు రెండు మైళ్లు, మహా అయితే రెండున్నర నడుస్తుంది. పొద్దంతా నడిపినా అందులో సగం రాదు. (పుంగనూరు పేరెత్తగానే అందరికీ పొట్టి ఆవు గుర్తొస్తుంది. మూడడుగుల లోపు ఎత్తు. దాని గొప్పంతా తక్కువ మేతకు చిక్కటి పాలివ్వడంలో ఉంది. దండు వెంట తోలే జాతి కాదది.)

1791 ఫిబ్రవరిలో ఈస్టిండియా కంపెనీ గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ బెంగళూరు మీదికి బయలుదేరాడు. ఆంబూరు వైపు నుంచి కనుమ ఎక్కుతాడని టిప్పు కాచుకుని ఉంటే, అతను వెల్లూరు దగ్గర ఉత్తరానికి తిరిగి చిత్తూరు మీదుగా మొగిలి కనుమ ఎక్కి పలమనేరులో తేలాడు. మార్చి 21న బెంగళూరు కోట పడింది. ఇక్కడ గెలిపించింది వేగమే. రెండు నెలలు తిరక్కుండానే అదే వేగం అతన్ని ముంచింది. శ్రీరంగపట్నం దగ్గరికి చేరేసరికి లాగుడు ఎద్దులు చచ్చిపోయి, కోట పగలగొట్టడానికి తెచ్చిన పెద్ద ఫిరంగులను మేలో తన చేతులతో తానే పాడుచేయించి వెనక్కి తిరిగాడు. ఎద్దు రోజుకు ఎన్ని మైళ్లు నడుస్తుందన్నది ఒక్కటే కాదు, ఎన్ని రోజులు వరసగా నడుస్తుందన్నదీ లెక్కేనని సైన్యానికి అప్పుడు తెలిసొచ్చింది. మా డిపోలో బస్సులకు కూడా ఇదే పాఠం. బండి స్పేరుకు పెట్టకుండా ఏ డిపో నడవదు.

వేగం తెలియాలంటే ముందు దూరం నికరంగా తెలియాలి. అప్పటి దూరాలు చాలావరకు దండు నడకను బట్టి, సర్వేవాళ్లు దారి పొడుగునా తోసుకుపోయే చక్రాన్ని బట్టి కట్టినవి. చక్రం తిరిగిన చుట్లను ముల్లు చూపెడుతుంది. దారి వంకర తిరిగితే చక్రమూ వంకర తిరుగుతుంది, గుంతలో దిగితే దిగుతుంది. 1802లో విలియం లాంబ్టన్ మద్రాసు పరంగిమలై దగ్గర ఏడున్నర మైళ్ల గీతను గొలుసుతో కొలిచి, అక్కణ్నుంచి కొండకూ కొండకూ మధ్య త్రికోణాలు కట్టుకుంటూ పడమటికి వచ్చాడు. 1804లో బెంగళూరు దగ్గర మళ్లీ గొలుసు వేసి చూస్తే త్రికోణాలతో కట్టిన లెక్కకూ గొలుసు లెక్కకూ తేడా నాలుగంగుళాలు కూడా లేదు. ఆ వరసలోనే పోయి, తూర్పు తీరం నుంచి పడమటి తీరానికి 400 మైళ్లని పాత పటాల్లో ఉన్న దూరం నిజానికి 360 మైళ్లేనని తేల్చాడు. అంటే అంతవరకూ మద్రాసు నుంచి మంగళూరుకు లేని 40 మైళ్లు అందరూ కాగితం మీద నడిచారు. పాత పటం నమ్ముకుని వేగం కట్టినవాడికి తన గుర్రం ఉన్నదానికంటే తొమ్మిదో వంతు చురుగ్గా కనపడి ఉంటుంది.

టపా సంగతి తొందరగా చెప్పి ముందుకు పోతాను. పొరుగున మైసూరులో చిక్కదేవరాజు కాలం నుంచే అంచె ఉంది. 1889లో అది ఇంపీరియల్ పోస్టులో కలిసింది. ఒక మనిషి ఆరేడు మైళ్లు పరుగెత్తి సంచీని ఇంకొకడి భుజానికి ఎత్తేవాడు. కంపెనీవాళ్లు 1774లో 100 మైళ్లకు రెండణాలని ఛార్జీ పెట్టారు. 1854లో దేశమంతా ఒకే ధర, అర్ధణా, వచ్చేదాకా ఉత్తరానికి దూరాన్ని బట్టే డబ్బు. రాజుగారి సంచీ ఆలస్యమైతే అంచెవాడు జవాబు చెప్పాలి. సంతకు పోయే మా అవ్వను అడిగినవాడు లేడు.

అసలైన మార్పు రైలుతో వచ్చింది. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరుకు లైను పడింది. కంగుంది జమీందారీలో ఉన్న కుప్పం ఆ దారిలో స్టేషనైంది. జోలార్‌పేటలో బయలుదేరిన బండి పచ్చూరు, మల్లానూరు దాటుకుంటూ ఎక్కుడు ఎక్కి కుప్పం చేరుతుంది. రైలు వేగం గురించి అందరూ రాస్తారు గానీ, దానివెనక ఉన్న గడియారం గురించి రాసేవాళ్లు తక్కువ. నాకు ఆసక్తి అక్కడే.

భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు. మద్రాసు 80 డిగ్రీల పైన పావు రేఖాంశం మీద ఉంది. కుప్పం 78 పైన మూడో వంతు. తేడా రెండు డిగ్రీలకు కాస్త తక్కువ, అంటే ఏడున్నర నిమిషాలు. మద్రాసులో సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు కుప్పంలో ఇంకా ఏడున్నర నిమిషాలు తక్కువ. బెంగళూరులో పదిన్నర నిమిషాలు తక్కువ. ఏ ఊరికి ఆ ఊరు సూర్యుణ్ని చూసి గడియారం పెట్టుకుంటే మద్రాసు నుంచి బెంగళూరు పోయే బండి పది నిమిషాలు ముందే చేరినట్టు, తిరుగు బండి పది నిమిషాలు ఆలస్యమైనట్టు కనపడుతుంది. ఇంజను అదే, బొగ్గు అదే, పట్టాలు అవే. రెండు చివర్లా ఒకే గడియారం లేకపోతే వేగం అన్న మాటకు అర్థం లేదు. ఎద్దుల బండికి ఈ తేడా లెక్కలోకి రాదు. రైలుకు, అందులోనూ ఒకే పట్టా మీద ఎదురెదురుగా బండ్లు నడిపే చోట, పది నిమిషాల తేడా ప్రాణాల మీదికి వస్తుంది.

అందుకని రైల్వేవాళ్లు మద్రాసు అబ్జర్వేటరీ టైమును పట్టుకున్నారు. 1792 నుంచి ఉన్న అబ్జర్వేటరీ అది. అక్కణ్నుంచి తంతి మీద టైము అందేది. 1870ల నుంచి దేశంలో చాలా రైల్వేలకు ఇదే రైల్వే టైము. 1906 జనవరి 1న ఇండియన్ స్టాండర్డ్ టైము వచ్చింది, అది 82 డిగ్రీల 30 నిమిషాల రేఖాంశానిది. దాంతో కుప్పం ఇంకా వెనకబడింది. ఇవాళ కుప్పంలో ఏడాది సగటున సూర్యుడు నడినెత్తికి వచ్చేది 12 గంటల 16 నిమిషాలు దాటాక. నీడ చూసి పొద్దు చెప్పే ముసలాయన గడియారం తప్పంటే ఆయన తప్పేమీ లేదు.

కుప్పం ఊళ్లో నిమిషానికి విలువ వచ్చింది రైలు వచ్చాకే అంటాను. స్టేషను మాస్టరు రిజిస్టరులో బండి వచ్చిన నిమిషం, పోయిన నిమిషం రాయాలి. గార్డు రాసుకోవాలి. రెండూ కలవకపోతే సంజాయిషీ. అంచెవాడి తర్వాత మా సీమలో నిమిషాలకు జవాబు చెప్పవలసి వచ్చింది వీళ్లే.

మదనపల్లెకు ఆ బాధ 1890ల మొదట్లో వచ్చింది, అదీ సగమే. పాకాల, ధర్మవరం మధ్య మీటరు గేజి లైను పడింది గానీ స్టేషను ఊరికి దూరంగా సీటీఎం అనే పల్లె దగ్గర పెట్టారు. పేరు కూడా మదనపల్లె రోడ్డు. రైలు దిగాక మళ్లీ జట్కా ఎక్కాలి, అంటే రైలు వేగాన్ని ఎద్దో గుర్రమో మళ్లీ కిందికి లాగేది. ఆ మీటరు గేజి 2010 ప్రాంతంలో గానీ బ్రాడ్ గేజి కాలేదు. పుంగనూరుకైతే రైలే లేదు. పుంగనూరు, కంగుంది జమీందారీలు ఉత్తర ఆర్కాటు జిల్లా కింద, మదనపల్లె కడప జిల్లా కింద ఉండేవి. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడ్డాక మూడూ ఒక గొడుగు కిందికి వచ్చాయి. ఆ గొడుగుకు ఊచలు మాత్రం రోడ్లే, రైళ్లు కావు.

రోడ్డు మీద లెక్క మైళ్లలో ఉండేది. ఎనిమిది ఫర్లాంగులకు మైలు. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు కరువై బొగ్గు బస్సులు నడిచాయి. వెనక డ్రమ్ములో బొగ్గు రగిలించి, ఆ గ్యాసుతో ఇంజను తిప్పడం. చదునులో ఫర్వాలేదు, ఎక్కుడు వస్తే మాత్రం దిగి తోయాలి. ఆ బస్సులెక్కిన మా పెదనాయన "టిక్కెట్టు డబ్బులు వాడికి, తోసింది మేము" అనేవాడు. 1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది, ఆ తర్వాత కొన్నేళ్లకు రోడ్ల మీద మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చాయి. రాళ్లు మారాయి గానీ నాలుకలు మారలేదు. ఆర్టీసీ పుట్టింది 1958 జనవరి 11న. నేను చేరేనాటికి కూడా లారీల మీద బండి నేర్చుకున్న పాత డ్రైవర్లు మైళ్లలోనే మాట్లాడేవాళ్లు. "ముప్పై మీద పోతాండా సామీ, ఇంకేం కావాల" అని ఒకాయన అంటే, పక్కన కొత్త కండక్టరు ముప్పై కిలోమీటర్లేనా అని గొణిగేవాడు. ముప్పై మైళ్లంటే 48 కిలోమీటర్లు.

ఇప్పుడు నా పనికి వస్తాను. రన్నింగ్ టైము కట్టడంలో చదువుకున్నవాళ్లు కూడా బోల్తాపడే చోటు ఒకటుంది. 10 కిలోమీటర్ల ఘాటు అనుకోండి. ఎక్కేటప్పుడు గంటకు 20, దిగేటప్పుడు 60. సగటు ఎంత? అందరూ 40 అంటారు. ఎక్కడానికి అరగంట, దిగడానికి పది నిమిషాలు. రానూపోనూ 20 కిలోమీటర్లకు 40 నిమిషాలు. సగటు 30. నిదానంగా పోయిన దారిలో బస్సు ఎక్కువ సేపు ఉంటుంది కాబట్టి సగటు ఎప్పుడూ నిదానం వైపే ఒరుగుతుంది. ఘాటులో పోయిన టైమును దిగుడులో పూడ్చుకుంటామని డ్రైవరు అనుకున్నాడంటే ప్రమాదాన్ని పిలిచినట్టే. అందుకే ఎక్కుడుకు నేను నిమిషాలు ధారాళంగా ఇచ్చేవాణ్ని. పైవాళ్లు తగ్గించమంటే ఇంకెక్కడైనా తగ్గించుకోమనేవాణ్ని. దానివల్ల డీజిలు కూడా కలిసొచ్చేది. లీటరుకు వచ్చే కిలోమీటర్లు, అంటే మా కేఎంపీఎల్, తొందరపడని డ్రైవరుకే బాగా వస్తుంది.

కాగితానికి లొంగని చోట్లూ ఉన్నాయి. పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతర రోజు షెడ్యూలు చింపి అవతల పారేయడమే. పలమనేరు, కుప్పం మధ్య కౌండిన్య అభయారణ్యం. మాపటేళ ఏనుగులు రోడ్డుకు అడ్డం వచ్చాయంటే బస్సు లైట్లు తగ్గించి ఆగవలసిందే. ఏనుగుకు రన్నింగ్ టైము రాసే మొనగాడు ఇంకా పుట్టలేదు.

మా సీమలోనే వేరే కొలతలు వాడేవాళ్లు చాలామంది ఉన్నారు. కోలారు బంగారు గనుల్లో, కుప్పం పక్క చిగరగుంట గనిలో పనిచేసినవాళ్లకు మనుషుల్ని లోపలికి దించే బోను ఎంత తొందరగా దిగుతుందన్నది ముఖ్యం. అక్కడ లెక్క నిమిషానికి ఇన్ని అడుగులని. నీరుగట్టువారిపల్లెలో పవర్‌లూము వేగం నిమిషానికి నాడె ఎన్నిసార్లు అటూఇటూ పోయిందన్నది. హంద్రీ-నీవా నీళ్లు పుంగనూరు, కుప్పం బ్రాంచి కాలువల్లోకి వస్తాయని ఇంజనీర్లు క్యూసెక్కుల్లో చెబుతారు. అది సెకనుకు ఎన్ని ఘనపుటడుగులు పారాయన్న లెక్క, వేగం కాదు. రైతు అడిగేది నీళ్లు మా చెరువుకు ఎన్ని రోజుల్లో వస్తాయని. ఇద్దరూ ఒకరి మాట ఒకరికి అందకుండా మాట్లాడుకోవడం నేను విన్నాను.

కార్తీక మాసంలో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మదనపల్లెలో కూడా ముసురు. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే తుపాను అని రేడియోలో చెబుతారు. 60 కాదు, 65 కాదు, ఈ 62 ఏమిటని చాలాకాలం అనుకునేవాణ్ని. ఆ హద్దు పెట్టింది ఓడల కొలతలో, 34 నాట్లని. గంటకు ఒక నాటికల్ మైలు, అంటే 1.852 కిలోమీటర్లు పోతే ఒక నాటు. 34 నాట్లను మన లెక్కలోకి మారిస్తే సుమారు 63 వస్తుంది, పట్టికల్లో 62 అని వేసుకున్నారు. ఇక శ్రీహరికోట నుంచి పోయి భూమికి దగ్గరగా తిరిగే ఉపగ్రహం సెకనుకు సుమారు ఏడున్నర కిలోమీటర్లు పోతుంది. మదనపల్లె నుంచి పుంగనూరుకు దానికి మూడు సెకన్లు. మధ్యలో స్టాపులు లేవు కాబట్టి సరిపోయింది.

2022 నవంబరు 11న చెన్నై, మైసూరు మధ్య వందేభారత్ మొదలైంది. గంటకు 160 కిలోమీటర్లు పోగల బండి. సుమారు 500 కిలోమీటర్లకు ఆరున్నర గంటలు రాశారు. సగటు 75 దాటి కాస్త. మొదలైనప్పుడు మధ్యలో కాట్పాడి, బెంగళూరు తప్ప ఆగేది కాదు. కుప్పం ప్లాట్‌ఫారం మీద నిలబడినవాడికి అది దుమ్ము లేపి పోయే బండి మాత్రమే. టైము కట్టేవాడిగా నాకు 160 మీద మోజు లేదు. ఆరున్నర గంటలే నాకు కావలసిన అంకె.

ఇక రోడ్డు సంగతి. కేంద్రం 2018లో ఇచ్చిన ఉత్తర్వుల ప్రకారం రెండు లైన్ల రోడ్డు మీద కారు 70, బస్సూ లారీ 60 దాటకూడదు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పాలను కలిపే 42వ నంబరు జాతీయ రహదారిలో ఈ హద్దు చాలా చోట్ల వర్తిస్తుంది. పలమనేరు, వి.కోటల దగ్గర పోయే బెంగళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్‌వేను 120కి కడుతున్నారు. లారీలకు 80కి మించకుండా స్పీడు గవర్నర్లు పెట్టమన్నారు.

ఈ అంకెలన్నీ మదనపల్లె టమోటా మండీలో పనికిరావు. సాయంత్రం క్రేట్లు ఎక్కించాక డ్రైవరుకు చెప్పేది ఒకటే మాట, తెల్లారి బేరం మొదలయ్యేసరికి చెన్నై కోయంబేడు మార్కెట్టులో ఉండాలని. 250 కిలోమీటర్ల పైమాట. తెల్లవారి నాలుగింటికి చేరిన సరుకుకు ఒక ధర, ఏడింటికి చేరినదానికి ఇంకో ధర. తేడా పడితే బాడుగలో కోత. ఆ కోత పడేది డ్రైవరుకు, కాబట్టి గడియారం చూసేదీ అతనే. నా పాత ఉద్యోగం తెలిసిన మండీ కుర్రాళ్లు ఇప్పటికీ ఫోన్ చేసి ఎన్నింటికి కదిలిస్తే సరిపోతుందని అడుగుతారు. మొన్న ఒకడు గంటకు 60 చొప్పున భాగించి, రాత్రి పదకొండున్నరకు కదిలిస్తే చాలు కదా అన్నాడు. బండికి గవర్నరు ఉందా, పుంగనూరులో డీజిలుకు ఆగుతారా, మొగిలి ఘాటు దిగేటప్పుడు ఎన్ని లారీల వెనక పడతారో తెలుసా అని అడిగి, తొమ్మిదిన్నరకు కదిలించమన్నాను.